తప్పు స్కోప్‌ది కాదు, బిగించినవాడిది

మన సినిమాల్లో ఒక సీను మీరు కనీసం ఇరవై సార్లు చూసుంటారు. నల్లకోటు వేసుకున్న ఒకడు మేడ మీదికొస్తాడు. సూట్‌కేసు తెరుస్తాడు. లోపల స్పాంజిలో పొదిగిపెట్టిన తుపాకీ ముక్కలు. గొట్టం తిప్పి బిగిస్తాడు, పైన స్కోప్ టక్కుమని తగిలిస్తాడు, ఒక కన్ను మూస్తాడు. ప్లస్ గుర్తు సరిగ్గా హీరోగారి నుదుటి మీదికొస్తుంది. ఆ క్షణంలో ఏ పావురమో ఎగరబట్టి గానీ, లేకపోతే గురి తప్పే ప్రసక్తే లేదు.

ఆ సీను పచ్చి అబద్ధం. తగిలించిన స్కోప్‌లో ప్లస్ గుర్తు ఎక్కడుందో, తూటా ఎక్కడికి పోతుందో, ఈ రెంటికీ ఏ సంబంధమూ ఉండదు. ఆ సంబంధం మనం కలపాలి, కలిపాక అది కలిసే ఉందని రుజువు చేసుకోవాలి. ఈ సంగతి నాకు తెలియడానికి ఒక జింక అన్యాయంగా బలైపోయింది. ఈ టపా దాని గురించే.

ముందే చెప్పేస్తున్నా, నేనేమీ వేటగాణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్ళో కోడ్ రాసుకుంటూ బతుకుతున్న మామూలు ప్రాణిని. ఇండియాలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటంటే మనకి కథల్లో చదువుకునే విషయమే. ఇక్కడ అలా కాదు. రైఫిల్‌తో జింకల్ని వేటాడే సీజన్ వస్తే సగం ఆఫీసు ఖాళీ. దశాబ్దాల పాటు అది థాంక్స్ గివింగ్ తర్వాత సోమవారం మొదలయ్యేది, ఆ రోజు చాలా చోట్ల బళ్ళకి కూడా సెలవే. 2019లో దాన్ని శనివారానికి జరిపారు. మనకి సంక్రాంతికి కోడిపందేలు ఎలాగో వీళ్ళకి ఇది అలాగన్నమాట.

మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు. మెయిన్‌ఫ్రేముల కాలం నుంచీ పని చేస్తున్న మనిషి. ఆయనే నన్ను ఈ లోకంలోకి లాక్కెళ్ళాడు. "ఊరికే చూడ్డానికి రా" అన్నాడు. నేను వెళ్ళేముందు కాస్త చదివాను, చదివి మంచిపని చేశాను. ఎందుకంటే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, హెచ్1బి అయినా ఎఫ్1 అయినా, తుపాకీ గానీ తూటాలు గానీ చేతిలో ఉంచుకోవడమే నేరం. దీనికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు దగ్గరుండటం. స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి, అద్దె తుపాకీతో ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే మన కుర్రాళ్ళు చాలామందికి ఈ విషయం తెలీదు. దయచేసి లాయర్‌ని అడగండి, నన్ను కాదు. నేనైతే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, పరీక్ష పాసై, లైసెన్సు తీసుకున్నాకే తుపాకీ ముట్టుకున్నాను.

సరే, అసలు విషయానికొస్తా.

2023 అక్టోబరులో పెద్దాయన పాత స్కోప్ లోపల పొగమంచు పట్టినట్టు అయిపోయింది. కొత్తది కొన్నాడు. ఆయన రైఫిల్ వాళ్ళ నాన్నగారిది, థర్టీ ఆట్ సిక్స్ బోల్ట్ యాక్షన్. "నువ్వు ఇంజనీరువి కదా, ఓపికుంది, నువ్వే బిగించు" అన్నాడు. నాకు గాల్లో తేలినట్టు అయింది. వారం రోజులు వీడియోలు చూశాను, స్కోప్‌తో వచ్చిన పుస్తకం చదివాను, ఒక చిన్న టార్క్ రెంచ్ కొన్నాను. ఒక శనివారం వాళ్ళింటి గరాజ్‌లో కూర్చున్నాం.

ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం నిర్మాణం రెండు ముక్కల్లో చెప్తా. రైఫిల్ పైభాగానికి బేస్ అనే ఇనప ముక్కలు స్క్రూలతో బిగించి ఉంటాయి. మా రైఫిల్‌కి ముందొకటి, వెనకొకటి. వాటి మీద రెండు రింగులు కూర్చుంటాయి. రింగుల కింది సగంలో స్కోప్ గొట్టం పెట్టి, పై సగం మూతలాగా వేసి స్క్రూలు బిగిస్తాం. అంటే స్కోప్ రింగుల మీద, రింగులు బేస్ మీద, బేస్ రైఫిల్ మీద. మన భాషలో చెప్పాలంటే మూడు లేయర్లు. పై లేయర్ ఎంత గొప్పదైనా కింది లేయర్ మీదే ఆధారం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా ఇందులోనే ఉంది.

ముందు ఛాంబర్ ఖాళీగా ఉందని ఇద్దరం వేరువేరుగా చూశాం. బోల్ట్ తీసి పక్కన పెట్టాం. తూటాల డబ్బా ఇంకో గదిలో ఉంది. తర్వాత ఐ రిలీఫ్ చూశాను. అంటే స్కోప్‌కీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం, ఈ రకం స్కోపుల్లో మూడున్నర అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. జూమ్ బాగా పెంచినప్పుడు అది తగ్గుతుంది కాబట్టి పెంచే చూసుకోవాలి. దగ్గరగా పెట్టారనుకోండి, పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్ని స్కోప్ అంచు కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో బొట్టు పెడుతుంది. ఇక్కడ చాలామంది వేటగాళ్ళ ముఖాన ఆ మచ్చ చూడొచ్చు :-)

తర్వాత ప్లస్ గుర్తు నిలువు గీత నిజంగా నిలువుగా ఉండేలా చూడటం. మా ఊళ్ళో తాపీమేస్త్రి గోడ నిలువు చూడ్డానికి దారానికి బరువు కట్టి వేలాడదీస్తాడు చూడండి, అదే పని. గరాజ్ అవతల చెట్టు కొమ్మకి దారం కట్టి నట్టు వేలాడదీశాం. రైఫిల్ మీద చిన్న రసమట్టం పెట్టి, తుపాకీ మట్టంగా ఉన్నప్పుడు గీత దారంతో కలిసేదాకా స్కోప్‌ని తిప్పాను. దీని మీదే ముప్పావుగంట పోయింది. తర్వాత రింగు మూతల స్క్రూలు, కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురుగా మార్చి మార్చి, రెండు పక్కలా సందు సమానంగా ఉండేలా, కొద్దికొద్దిగా బిగించాను. వీటికి మామూలుగా 15 నుంచి 20 ఇంచ్ పౌండ్ల టార్క్ ఉంటుంది, తయారీదారు కాగితంలో ఎంతుంటే అంతే. టార్క్ రెంచ్ క్లిక్‌మన్న ప్రతిసారీ నాకు యూనిట్ టెస్ట్ పాసైనంత ఆనందం.

కానీ బేస్ స్క్రూలు? వాటిని ముట్టుకోలేదు. "అవి ఎప్పట్నించో ఉన్నాయి, నలభై ఏళ్ళుగా కదల్లేదు" అని పెద్దాయన అన్నాడు, నేను తలూపాను. రింగులు పెట్టేశాక అవి కంటికి కూడా కనపడవు.

మర్నాడు రేంజ్‌కి వెళ్ళాం. బోల్ట్ తీసిన గొట్టంలోంచి వెనకనుంచి చూస్తూ 25 గజాల్లో ఉన్న టార్గెట్‌ని గొట్టం మధ్యలోకి తెచ్చి, తుపాకీ కదలకుండా, ప్లస్ గుర్తుని కూడా అక్కడికే తేవాలి. దీన్ని బోర్ సైటింగ్ అంటారు. ఇది తూటా కాగితం మీద ఎక్కడో ఒకచోట పడ్డానికి మాత్రమే. కొట్లో బోర్ సైటింగ్ చేసిచ్చారు కాబట్టి రెడీ అనుకునేవాళ్ళు బోలెడుమంది. కోడ్ కంపైల్ అయింది కాబట్టి రిలీజ్ చేసెయ్యొచ్చు అన్నట్టుంటుంది.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలి. స్కోప్ మీద రెండు మరలుంటాయి, ఒకటి పైకీ కిందకీ, ఒకటి పక్కలకి. ఒక్కో క్లిక్ కోణాన్ని మారుస్తుంది, దూరాన్ని కాదు. మా దాంట్లో క్లిక్‌కి పావు ఎమ్ఓఏ. ఒక ఎమ్ఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, అంగుళం అనుకోండి. అంటే 100 గజాల్లో అంగుళం జరపాలంటే నాలుగు క్లిక్కులు. అదే 25 గజాల్లో అంగుళం జరపాలంటే పదహారు. ఇది మర్చిపోయి "ఈ స్కోప్ మాట వినట్లేదు" అని తిట్టుకునేవాళ్ళని రేంజ్‌లో చూశాను. ఇంకొందరి స్కోపుల్లో గీతలు మిల్‌లలో, మరలు ఎమ్ఓఏలో ఉంటాయి. ఒక మిల్ అంటే 100 గజాల్లో 3.6 అంగుళాలు. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇలాంటి యూనిట్ల గొడవతోనే కదా.

ఆ లెక్కలు నేను తప్పలేదు. తప్పిందల్లా పద్ధతి.

100 గజాల దగ్గర ఒక తూటా కాల్చాం. రెండంగుళాలు కుడికి. ఎనిమిది క్లిక్కులు ఎడమకి తిప్పాను. ఇంకోటి కాల్చాం, అంగుళంన్నర ఎడమకి పోయింది. ఆరు క్లిక్కులు కుడికి. ఇంకోటి, ఈసారి పైకి. మళ్ళీ తిప్పాను. ఇలా పదకొండు తూటాలు. పదకొండోది నడిమధ్యలో పడింది. "అదీ లెక్క!" అన్నాడు పెద్దాయన. ఇద్దరం చేతులు కలిపి, కాగితం ఫోటో తీసుకుని, ఇంటికొచ్చేశాం.

ఫ్లేకీ టెస్ట్‌ని పదిసార్లు తిప్పి, పదకొండోసారి పచ్చగా రాగానే మెర్జ్ చేసేసే ఇంజనీరు మీద మీ అభిప్రాయం ఏంటి? సరిగ్గా ఆ పనే నేను చేశాను. ఆఫీసులో ఎవడైనా చేస్తే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడతాను. తుపాకీ దగ్గర మాత్రం నాకు తట్టనే లేదు.

నవంబరు 25, సీజన్ మొదటిరోజు. తెల్లవారకముందే అడవిలోకి వెళ్ళాం, ఒంటినిండా నారింజరంగు చొక్కాలు, టోపీలు. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఒక మగజింక వచ్చింది, తెల్లతోక జింక. 120 గజాలుంటుందేమో. పక్కకి తిరిగి నిలబడింది. పెద్దాయన కంగారుపడే మనిషి కాదు. చెట్టుకి ఆనించుకుని, ఊపిరి వదిలి, నెమ్మదిగా నొక్కాడు. జింక ఒక్కసారి వీపు విల్లులా వంచింది. పడలేదు. నడుం వంచుకునే చెట్లల్లోకి వెళ్ళిపోయింది.

అది నిలబడిన చోటికి వెళ్ళి చూశాం. రక్తం కొంచెమే ఉంది. ఆకుల మీద పచ్చగా ఏదో, వాసన. పెద్దాయన వంగి చూసి, లేచి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "కడుపులో తగిలింది."

గుండె, ఊపిరితిత్తులున్న చోట తగిలితే జింక సెకన్లలో పోతుంది. కడుపులో తగిలితే గంటలు పడుతుంది. వెంటనే వెంబడిస్తే భయంతో ఇంకా దూరం పరిగెడుతుంది కాబట్టి గంటల తరబడి ఆగాలి. ఆగడం అంటే, అది ఎక్కడో పడుకుని చస్తూ ఉంటే మనం ట్రక్కులో హీటరు వేసుకుని కూర్చోవడం అన్నమాట. అయిదింటికల్లా చీకటి పడిపోయింది. రాత్రి లైట్లతో వెతికాం. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి మధ్యాహ్నం దాకా వెతికాం. వాగు దాకా జాడ దొరికింది, వాగు తర్వాత లేదు. జింక దొరకలేదు.

ఆ సోమవారం రైఫిల్‌ని రేంజ్‌కి తీసుకెళ్ళి, మరలు ముట్టుకోకుండా, తుపాకీని ఇసక సంచుల మీద పెట్టి మూడు తూటాలు కాల్చాం. మూడూ మూడు దిక్కులకి, ఒకదానికొకటి తొమ్మిది అంగుళాల దూరంలో. నేను స్కోప్‌ని చేత్తో పట్టుకుని పక్కకి నొక్కాను. కదిలింది. కంటికి కనిపించేంత కాదు, చేతికి తెలిసేంత. స్కోప్ తీసి చూస్తే వెనక బేస్ స్క్రూ ఒకటి. దాన్ని నేను వేళ్ళతో తిప్పగలిగాను.

ఇక్కడ కాస్త లెక్క చూడండి. రెండు రింగుల మధ్య దూరం అయిదంగుళాలనుకుందాం. వెనక రింగు కింద అంగుళంలో వెయ్యింట అయిదు వంతులు జరిగిందనుకోండి, అంటే మనం ప్రింటర్‌లో పెట్టే కాగితం మందం కన్నా కాస్త ఎక్కువ. కోణం వెయ్యింట ఒకటి. 100 గజాలంటే 3600 అంగుళాలు. అక్కడ తేడా 3.6 అంగుళాలు. జింకకి తగలాల్సిన చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు, అంటే నడిమధ్య నుంచి మనకున్న వెసులుబాటు నాలుగు అంగుళాలు. చేతి వణుకు, గాలి, దూరం అంచనా, తుపాకీ సొంత చెదురు, ఇవన్నీ ఆ నాలుగు అంగుళాల్లోనే సర్దుకోవాలి. అందులో దాదాపు అంతా ఒక కాగితం మందం మింగేసింది.

మరి రేంజ్‌లో ఆ రోజే ఎందుకు తెలుసుకోలేకపోయాం? ఎందుకంటే ఒక్కో తూటాకి మర తిప్పుతూ పోయాం కాబట్టి. క్వాలిటీ వాళ్ళకి తెలిసిన ఎడ్వర్డ్స్ డెమింగ్ గారి గరాటు ప్రయోగం ఒకటుంది. గరాటులోంచి గోళీని బల్ల మీది గుర్తు మీదికి వదులుతారు. గోళీ ఎలాగూ కాస్త అటూ ఇటూ పడుతుంది. గరాటుని కదపకుండా వదిలేస్తే ఎంత చెదురుందో అంతే ఉంటుంది. పడ్డ ప్రతిసారీ ఎంత తప్పిందో అంత గరాటుని వెనక్కి జరుపుతూ పోతే వేరియన్స్ రెట్టింపు అవుతుంది. అంటే సరిచేస్తున్నాననుకుంటూ పాడుచేస్తున్నామన్నమాట. లెక్క కూడా సులువే: ఈసారి తప్పు, పోయినసారి తప్పు రెండూ కలిసి వచ్చి కూర్చుంటాయి. నేను రేంజ్‌లో చేసింది అచ్చంగా ఇదే. పైగా నా తిప్పుడు వల్ల వచ్చిన చెదురు, వదులు స్క్రూ వల్ల వచ్చిన చెదురుని కప్పేసింది. మర ముట్టుకోకుండా ఒకే గురితో మూడు కాల్చి ఉంటే ఆ రోజే దొరికిపోయేది.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్పాను, చెప్పకుండా ఉండాల్సిందేమో. "ఆ మూగజీవాల జోలికి నువ్వెందుకు పోయావురా అసలు?" అంది. ఆదివారం మనం తినే మటన్ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా అన్నాను, వాదించడం మనకి అలవాటే కదా. అమ్మ ఒక్క క్షణం ఆగి, "కోసేవాడు ముందు కత్తి నూరుకుంటాడు కదరా" అంది. నా దగ్గర జవాబు లేదు.

నా అభిప్రాయం కూడా ఇంతే, అమ్మ మాటలో ఉన్నంత. వేట తప్పా ఒప్పా అన్న చర్చ వేరు, ఈ టపాలో దాన్ని తేల్చలేను. కానీ వేటకి వెళ్ళాలని నిర్ణయించుకున్నవాడికి స్కోప్ బిగించడం అనేది హాబీ కాదు, గాడ్జెట్ సరదా కాదు. ఆ జంతువుకి వాడు బాకీ ఉన్న మొట్టమొదటి పని. తన తుపాకీ ఎక్కడ కొడుతుందో రుజువు చేసుకోనివాడికి ట్రిగ్గర్ నొక్కే హక్కు లేదు. "సుమారుగా సరిపోయింది" అన్నమాట కాగితానికి చెల్లుతుంది, జింకకి చెల్లదు.

దీనికి రెండు అభ్యంతరాలు విన్నాను.

మొదటిది: "మంచి ఖరీదైన స్కోప్ కొంటే ఈ బాధ ఉండదు." ఉంటుంది. మాది మంచి స్కోపే. జనం డబ్బంతా అద్దాల మీద పెట్టి, రింగులూ బేస్ దగ్గరికొచ్చేసరికి చవకబేరం చూస్తారు. పది లక్షల సర్వర్ కొని ముప్ఫై రూపాయల ప్లగ్ పెట్టినట్టు. అసలు స్కోప్ పెంచేది మన చూపుని, తుపాకీ సత్తాని కాదు. 300 గజాల్లో జింక కళ్ళు కూడా కనపడుతుంటే, కొట్టగలనన్న భ్రమ వస్తుంది. పెద్దాయన వాళ్ళ నాన్నగారు స్కోప్ లేని రోజుల్లో యాభై గజాలు దాటితే తుపాకీ ఎత్తేవాడు కాదట. ఆయనకి తన హద్దు తెలుసు. మనకి జూమ్ తెలుసు.

రెండోది: "ఇంత చాదస్తం ఎందుకు? అందరూ ఇలాగే చేస్తారు, జింకలు పడుతూనే ఉన్నాయి." నిజమే, పడుతూనే ఉన్నాయి. పడనివి మనకి కనపడవు కదా! మన లాగ్‌లో లేని ఎర్రర్ జరగనట్టు కాదు. వాగు అవతలికి వెళ్ళిపోయిన జింక ఏ లెక్కలోకీ రాదు.

అయితే చాదస్తం కూడా సరైన చోట ఉండాలని ఒప్పుకుంటాను. నేను ముప్పావుగంట పెట్టిన ఆ నిలువు గీత సంగతే తీసుకోండి. గీత మూడు డిగ్రీలు వంగి ఉన్నా, 300 గజాల్లో తూటా పన్నెండు అంగుళాలు కిందికి దిగుతుందని ఆ మేరకు గురి పైకెత్తితే, పక్కకి వచ్చే తేడా ముప్పావు అంగుళం లోపే. మేం కొట్టిన దూరంలో అది లెక్కలోకే రాదు. కంటికి కనిపించేదాని మీద ముప్పావుగంట పెట్టాను, కనపడని స్క్రూ మీద ముప్పై సెకన్లు పెట్టలేదు. మన ఉద్యోగాల్లో కూడా ఇదే జబ్బు. వేరియబుల్ పేర్ల మీద గంటన్నర వాదించుకుంటాం. కింద ఎవరో ఎప్పుడో పెట్టిన లైబ్రరీ జోలికి ఎవడూ పోడు, ఎందుకంటే "అది ఎప్పట్నించో ఉంది".

2024లో మళ్ళీ మొదటినుంచి చేశాం. ఈసారి అన్నీ విప్పేశాను. బేస్ స్క్రూలూ, వాటి రంధ్రాలూ ఆల్కహాల్‌తో తుడిచి నూనె పోగొట్టి, మధ్యరకం థ్రెడ్ లాకర్ చుక్క వేసి, కాగితంలో చెప్పిన టార్క్‌కి బిగించాను. రింగు మూతలకి థ్రెడ్ లాకర్ వెయ్యొద్దని తయారీదారు చెప్పాడు, వెయ్యలేదు. ప్రతి స్క్రూ తల మీదనుంచి పక్క లోహం మీదికి మా ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో సన్నగా ఒక గీత. స్క్రూ కదిలితే గీత విరిగి కనపడుతుంది. ఇంతకంటే చవకైన మానిటరింగ్ నేను చూళ్ళేదు. (నెయిల్ పాలిష్ బిల్లు సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు.)

రేంజ్‌లో నియమాలు పెట్టుకున్నాం. మూడు తూటాలు కాల్చేదాకా మర ముట్టుకోకూడదు. మూడూ దగ్గరగా పడకపోతే మర వైపే చూడకూడదు, స్క్రూల వైపు చూడాలి. దగ్గరగా పడితే మూడింటి మధ్యబిందువు నుంచి లెక్కేసి ఒక్కసారే తిప్పాలి, మళ్ళీ మూడు కాల్చి చూడాలి. గొట్టం చల్లారనివ్వాలి. వేటలో వాడబోయే తూటాలే వాడాలి, కంపెనీ మారినా బరువు మారినా పడే చోటు మారుతుంది. 25 గజాల్లో సరిపోయిందని ఇంటికి పోకూడదు, అక్కడ అంగుళం తప్పు 100 గజాల్లో నాలుగు, 200 గజాల్లో ఎనిమిది. చివరగా, ఇంకో రోజు వచ్చి చల్లటి గొట్టంతో మొదటి తూటా ఎక్కడ పడుతుందో చూడాలి. ఎందుకంటే అడవిలో మనకి దొరికేది ఆ మొదటి తూటానే. వార్మప్ అయిన సిస్టమ్ మీద నంబర్లు చూసి మురిసిపోయి, కోల్డ్ స్టార్ట్‌లో దెబ్బతినడం మనకి కొత్తేం కాదుగా.

ఆ ఏడాది పెద్దాయన 90 గజాల్లో ఒక జింకని కొట్టాడు. నలభై అడుగులు కూడా వెళ్ళలేదు. నేను వెళ్ళి ముందు చూసింది జింకని కాదు, స్కోప్ మీది ఎర్ర గీతల్ని. విరగలేదు. దాంతో 2023 లెక్క సరిపోయిందని నేను అనుకోవట్లేదు. అది సరిపోయే లెక్క కాదు.

అన్నట్టు, ఆ రోజు ట్రక్కులో కూర్చున్నప్పుడు "తప్పు నాది" అని నేనంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "రైఫిల్ నాది, నొక్కింది నేను, చూసుకోవాల్సింది నేను" అన్నాడు. ఆఫీసులో ఏదైనా కూలినప్పుడు మనం "ఎవరినీ తప్పుపట్టొద్దు, ప్రాసెస్‌ని సరిచేద్దాం" అంటాం. అక్కడ అది మంచి పద్ధతే. కానీ ఆ రాత్రి ఆ ట్రక్కులో ఇద్దరం తప్పు నాదంటే నాదని పోటీపడ్డాం. అదే సరైనదనిపించింది. మీరేమంటారు?